చివరి కుర్చీలోని మాట కూడా రికార్డులో వినపడాలంటే

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది చిత్తూరు. మామిడి రైతుల ఉత్పత్తిదారుల కంపెనీలో ఆఫీసు పని చూస్తాను. బోర్డు మీటింగ్ జరిగినప్పుడు నా ఫోన్ టేబుల్ మధ్యలో పెట్టి రికార్డు చేసి, తర్వాత విని మినిట్స్ రాస్తాను. డైరెక్టర్లు పన్నెండు మంది. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న టేబుళ్ళు మూడు వరసగా కలిపి వేస్తాం, దాని చుట్టూ కూర్చుంటారు. మధ్యలో ఉన్న నలుగురైదుగురి మాట బాగా వస్తుంది. రెండు చివర్లలో కూర్చున్నవాళ్ళ మాట గుయ్‌మంటూ ఉంటుంది, సగం అర్థం కాదు. పోయిన మీటింగ్‌లో తోతాపురి కాయల రవాణా అడ్వాన్సు గురించి చివర్లో కూర్చున్న ఒక మహిళా డైరెక్టర్ చెప్పిన అంకె ఇరవయ్యో అరవయ్యో తేలలేదు. మినిట్స్ చదివినప్పుడు పెద్ద గొడవైంది. మైకు కొనడానికి బోర్డు ముప్ఫై వేల దాకా ఇస్తామంది. చెన్నైలో ఒక షాపాయన పొడుగాటి షాట్‌గన్ మైక్ తీసుకోమన్నాడు. మా తమ్ముడు కాలర్ మైకులు చాలంటాడు. మా డైరెక్టర్ ఒకాయన బ్లూటూత్ కాన్ఫరెన్స్ స్పీకర్ అంటున్నారు. రూములో టైల్స్, అద్దాల కిటికీలు, రెండు సీలింగ్ ఫ్యాన్లు. కిటికీ అవతలే బస్సుల రోడ్డు. ఏది కొనాలన్నా?
— ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: అమ్మా, షాట్‌గన్ వద్దు. కాలర్ మైకులు మీ పనికి కుదరవు. బ్లూటూత్ స్పీకర్ కూడా వద్దు. టేబుల్ మీద చదునుగా పడుకుని ఉండే బౌండరీ మైక్ ఒకటి, దానికి కరెంటు ఇవ్వగల రికార్డర్ ఒకటి మీకు కావాలి. అయితే అవి కొనకముందే, రూపాయి ఖర్చు లేకుండా చేయాల్సిన పని ఒకటుంది. ఆ టేబుళ్ళు జరపండి.

ఎందుకో చెప్తాను. మనిషి నోటి నుంచి వచ్చే శబ్దం దూరం పోయేకొద్దీ త్వరత్వరగా బలం పోగొట్టుకుంటుంది. దూరం రెండింతలైతే నేరుగా వచ్చే మాట 6 డెసిబెల్స్ (శబ్దం బలానికి కొలత) తగ్గుతుంది. మూడడుగుల్లో ఉన్న మనిషితో పోలిస్తే ఆరడుగుల్లో ఉన్న మనిషి 6 తగ్గుతాడు, పన్నెండడుగుల్లో ఉంటే 12 తగ్గుతాడు. కానీ గోడలకు, టైల్స్‌కు, అద్దాలకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వని మాత్రం రూమంతా దాదాపు ఒకే మోతాదులో ఉంటుంది. ఫ్యాన్ శబ్దం కూడా అంతే. అందువల్ల మైకుకు దగ్గరున్నవాళ్ళ విషయంలో మాట పైన ఉంటుంది, ప్రతిధ్వని కింద ఉంటుంది. దూరంగా ఉన్నవాళ్ళ విషయంలో అది తిరగబడుతుంది. మీరు "గుయ్‌మంటూ" అని రాసింది దాన్నే. వాల్యూమ్ పెంచితే మాటతో పాటు గుయ్ కూడా పెరుగుతుంది. ఒకసారి ఫైల్లోకి ఎక్కిన ప్రతిధ్వనిని తర్వాత కంప్యూటర్లో పూర్తిగా తీయడం కుదరదు, చారులో కరిగిన ఉప్పును ఏరలేనట్టే. ఫ్యాన్ హోరు లాంటి ఒకే తీరు శబ్దాన్ని కొంత తగ్గించవచ్చు. ప్రతిధ్వనికి అంత తేలికైన మందు లేదు.

ఇప్పుడు మీ టేబుళ్ళ లెక్క చూడండి. మూడూ వరసగా వేస్తే పద్దెనిమిది అడుగుల పొడవు. మధ్యలో ఫోన్ పెడితే చివర్లో కూర్చున్న మనిషి నోటికి, ఫోన్‌కు మధ్య తొమ్మిది పది అడుగులు. అదే మూడు టేబుళ్ళనూ పక్కపక్కన పొడుగు వైపులు ఆనేలా చేర్చండి. తొమ్మిదడుగులు, ఆరడుగుల టేబుల్ అవుతుంది. చుట్టుకొలత ముప్ఫై అడుగులు. పన్నెండు మందికి మనిషికి రెండున్నర అడుగులు వస్తాయి, సర్దుకుని హాయిగా కూర్చోవచ్చు. ఇప్పుడు మధ్యలోంచి మూల కుర్చీ దాకా కూడా అయిదారు అడుగులే. పది అడుగుల దూరం అయిదున్నరకు వచ్చిందంటే, చివర కూర్చున్న మనిషి మాట సుమారు 5 డెసిబెల్స్ పెరిగినట్టు. ఎంత ఖరీదైన మైకు కొన్నా, దాన్ని పాత చోటే పెడితే ఈ లాభం రాదు. పైగా ఒకరి ముఖం ఒకరికి కనిపిస్తుంది కాబట్టి మీటింగ్ కూడా బాగా సాగుతుంది. ఛైర్మన్ గారికి టేబుల్ చివర కూర్చునే అలవాటు ఉంటే, ఆరడుగుల వైపు మధ్యలో ఆయనకు కుర్చీ వేయండి. ఆ మర్యాదకు లోటు రాదు.

మీ ఉత్తరంలో నా మనసుకు బాగా తగిలింది ఆ మహిళా డైరెక్టర్ సంగతి. మైకు ఎంచుకునేటప్పుడు అందరూ గట్టిగా మాట్లాడేవాళ్ళను దృష్టిలో పెట్టుకుంటారు. ఛైర్మన్ మాట వస్తోందా, సెక్రటరీ మాట వస్తోందా అని చూసి కొనేస్తారు. వాళ్ళ మాట ఏ మైకుతోనైనా వస్తుంది. మీరు కొనేది మెల్లగా మాట్లాడే మనిషి కోసం. రెండెకరాల తోపు ఉన్న రైతు, మొదటిసారి బోర్డులోకి వచ్చిన ఆవిడ, పెద్దవాళ్ళ మధ్య గొంతు పెంచడానికి మొహమాటపడే కుర్రాడు, వీళ్ళే సాధారణంగా చివరి కుర్చీల్లో కూర్చుంటారు. వాళ్ళ మాట రికార్డులోకి రాకపోతే మినిట్స్‌లోకి రాదు. మినిట్స్‌లోకి రాకపోతే రేపు వాళ్ళు ఆ మాట అన్నట్టు ఎక్కడా ఉండదు. కాబట్టి షాపులో గానీ ఆఫీసులో గానీ మైకును పరీక్ష చేసేటప్పుడు ఒకటే ప్రశ్న పెట్టుకోండి: అందరికంటే దూరంగా కూర్చుని, అందరికంటే మెల్లగా మాట్లాడే మనిషి మాట తేటగా వినిపిస్తోందా?

మన మాట తీరులో ఇంకో చిక్కుంది. మనం వాక్యం మొదలుపెట్టినప్పుడు ఉన్న గొంతు చివరికొచ్చేసరికి దిగిపోతుంది. కానీ అసలు నిర్ణయం ఆ చివర్లోనే ఉంటుంది. "పదిహేను రోజుల్లో డబ్బు ఇస్తాం", "పదిహేను రోజుల్లో డబ్బు ఇవ్వం". చివరి ముక్క పోతే రెండూ ఒకటే. మాట్లాడేవాళ్ళు సరిగ్గా ఆ ముక్క దగ్గరే వెనక్కి వాలి, పక్కకు తిరిగి, టీ గ్లాసు అందుకుంటారు. ఇరవై, అరవై సంగతీ ఇంతే. మొదటి అక్షరం ఒక్కటే తేడా, మిగతాదంతా ఒకటే. స, త, ప లాంటి హల్లుల గుర్తు చాలావరకు 2,000 నుంచి 8,000 హెర్ట్జ్ మధ్య, అంటే సన్నటి హెచ్చు స్థాయి శబ్దాల్లో ఉంటుంది, ఆ శబ్దాలు బలహీనమైనవి. ఫ్యాన్ హోరూ ప్రతిధ్వనీ ముందు వాటినే మింగుతాయి. అందుకే "గొంతు వినిపిస్తోంది, మాట అర్థం కావడం లేదు" అనే పరిస్థితి వస్తుంది.

ఇక మీకు వచ్చిన సలహాల సంగతి.

షాట్‌గన్ మైక్ ఆరుబయట, సినిమా షూటింగుల్లో, ఒకే మనిషి వైపు గురిపెట్టడానికి మంచిది. దాని ముందున్న పొడుగాటి గొట్టం పక్కల నుంచి వచ్చే శబ్దాన్ని తగ్గించేలా తయారైంది. మీ రూములో టైల్స్ నుంచి, అద్దాల నుంచి, పైకప్పు నుంచి శబ్దం అన్ని వైపులా తిరిగొస్తుంటే ఆ గొట్టం చేసే పని సగం చెడిపోతుంది, గొంతు కూడా డొల్లగా మారుతుంది. పైగా పన్నెండు మంది మాట్లాడుతుంటే ఎవరి వైపు తిప్పుతారు? మీటింగ్ అంతా మైకు పట్టుకుని ఒక మనిషి నిలబడాలి. అది ఆ పనికి పుట్టిన వస్తువు కాదు.

కాలర్ మైకు నోటికి జానెడు దూరంలో ఉంటుంది కాబట్టి మాట చాలా తేటగా వస్తుంది. అందులో సందేహం లేదు. బోయా బీవై-ఎం1 లాంటి వైరు కాలర్ మైకు ఒక్క మనిషి ఇంటర్వ్యూకు బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఆరు మీటర్ల వైరు కూడా ఉంటుంది. మీ కంపెనీ వాళ్ళు ఎప్పుడైనా ఒక రైతు అనుభవం వీడియో తీయాలంటే అది కొనండి. కానీ పన్నెండు మందికి పన్నెండు మైకులు తగిలించి, పన్నెండు చానళ్ళు రికార్డు చేయడం మీ ఆఫీసులో అయ్యే పని కాదు. వైర్‌లెస్ వాటిలో చాలా సెట్లు రెండు మైకులు, ఒక రిసీవర్ పద్ధతిలో వస్తాయి. ఇద్దరికి తగిలించి మిగతా పది మందిని వదిలేస్తే మళ్ళీ మొదటి సమస్యే. చీర కొంగు, కండువా రాసుకున్నప్పుడల్లా గరగర కూడా వస్తుంది.

బ్లూటూత్ కాన్ఫరెన్స్ స్పీకర్ ఫోన్ కాల్ కోసం తయారైంది, రికార్డింగ్ కోసం కాదు. అవతలివాళ్ళకు ఎకో రాకుండా చూడటం దాని మొదటి పని. అందుకోసం అది శబ్దాన్ని లోపలే సవరిస్తుంది, చిన్న శబ్దాలను గోల అనుకుని నొక్కేస్తుంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఒకరి మాట తెగిపోవచ్చు. మెల్లగా మాట్లాడే మనిషికి అది అన్యాయం చేస్తుంది. మీ డైరెక్టర్లలో ఎవరైనా బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉండి ఆన్‌లైన్‌లో చేరుతుంటే అప్పుడు అది అవసరమే. అలాంటి రోజు కాల్‌ను యాప్‌లోనే రికార్డు చేసుకుని, రూము మాటలకు మాత్రం విడిగా ఈ మైకు పెట్టండి.

కౌన్సిల్ హాళ్ళలో కనిపించే వంపు మెడ మైకులు, బటన్ నొక్కితే ఎర్ర లైటు వెలిగేవి, చాలా మంచి పద్ధతి. ప్రతి మనిషి ముందూ ఒక మైకు, మాట్లాడేవాళ్ళదే తెరుచుకుంటుంది. అహూజా లాంటి కంపెనీలు ఇలాంటి సెట్లు అమ్ముతాయి. కానీ పన్నెండు సీట్లకు ముప్ఫై వేలలో కష్టం. బటన్ నొక్కడం మరిచిపోయి మాట్లాడేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. వాదన వేడెక్కినప్పుడు అందరూ మరిచిపోతారు, సరిగ్గా ఆ నిమిషాలే మీకు కావాల్సినవి. ఇంకో సంగతి. ముందు నిలబడి ఉన్న మైకును చూస్తే కొందరికి గొంతు పెగలదు. టేబుల్ మీద అరచేతి అంత పలకలా పడి ఉన్న బౌండరీ మైకును అయిదు నిమిషాల్లో అందరూ మరిచిపోతారు.

బౌండరీ మైకు ఎందుకంటే, మామూలు మైకును చిన్న స్టాండు మీద టేబుల్‌పై పెట్టినప్పుడు దానికి మాట రెండు దారుల్లో చేరుతుంది. ఒకటి నోటి నుంచి నేరుగా, రెండోది టేబుల్‌కు తగిలి కాస్త ఆలస్యంగా. ఈ రెండూ కలిసేటప్పుడు కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, గొంతు డొల్లగా వస్తుంది. బౌండరీ మైకులో శబ్దం పట్టే భాగం టేబుల్ ఉపరితలానికి ఆనుకునే ఉంటుంది. రెండు దారులూ ఒకటే అవుతాయి, రద్దు ఉండదు. పైగా ఉపరితలం దగ్గర ఒత్తిడి రెట్టింపై 6 డెసిబెల్స్ దాకా అదనంగా వస్తాయి. మీ టేబులే మైకుకు సాయం చేస్తుందన్నమాట. అయితే అది చదునుగా, పెద్దగా ఉండాలి, మీ తొమ్మిదడుగుల టేబుల్ సరిగ్గా సరిపోతుంది. టేబుల్ మీద మందపాటి దుప్పటి పరచకండి. మైకు ముందు నీళ్ళ సీసాలు, ఫైళ్ళు, ల్యాప్‌టాప్ అడ్డం పెట్టకండి. ఎవరో ఒకరు దాని మీద కాగితాలు పెడతారు, మీటింగ్ మొదట్లోనే చెప్పి ఉంచండి.

కొనేటప్పుడు "చుట్టూ వినేది", అంటే ఆమ్నీ రకం అడగండి. ఒక వైపే వినే కార్డియాయిడ్ రకం కూడా ఉంటుంది. అది గోడ పక్కన, టేబుల్ ఒక చివర పెట్టేచోట బాగుంటుంది. మీరు మధ్యలో పెడతారు కాబట్టి మీకు చుట్టూ వినేదే కావాలి. టేబుల్ మీద గుద్దితే, పెన్ను తడితే ఆ దెబ్బ మైకులోకి వెళ్తుంది. కింద పలుచటి రబ్బరు ముక్క పెడితే కొంత తగ్గుతుంది. మందంగా పెట్టొద్దు, మైకు పైకి లేస్తే దాని గుణమే పోతుంది.

రికార్డర్ విషయంలో నేను ల్యాప్‌టాప్ కంటే విడి రికార్డర్ వైపే మొగ్గుతాను. ల్యాప్‌టాప్‌కు మైకును కలిపే ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 లాంటి పెట్టె తగిలించి, ఉచితంగా దొరికే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేయవచ్చు, నాణ్యతలో ఏ లోపం లేదు. కానీ అదే ల్యాప్‌టాప్‌లో మీరు లెక్కల షీటు చూపించాలి, మధ్యలో అప్‌డేట్ అంటూ అది రీస్టార్ట్ అవుతుంది, దాని ఫ్యాన్ శబ్దం ఒకటి. బ్యాటరీతో నడిచే రికార్డర్‌కు ఈ టెన్షన్లు లేవు. కరెంటు పోయినా ఆగదు. దానికి ఎక్స్‌ఎల్ఆర్ ఇన్‌పుట్ (మూడు పిన్నుల మైకు ప్లగ్గు పట్టేది), 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు వైరు గుండానే మైకుకు వెళ్ళే కరెంటు) ఉండాలి. మంచి బౌండరీ మైకుల్లో ఎక్కువ భాగం ఆ కరెంటుతోనే పనిచేస్తాయి. జూమ్ కంపెనీ (వీడియో కాల్స్ జూమ్ కాదు) హెచ్4 ఎసెన్షియల్ ఈ రకమే. రెండు ఎక్స్‌ఎల్ఆర్ ఇన్‌పుట్లు, సొంత మైకులు రెండు ఉంటాయి. అది 32 బిట్ ఫ్లోట్ పద్ధతిలో రికార్డు చేస్తుంది కాబట్టి లెవెల్ ముందుగా సరిగ్గా పెట్టకపోయినా, ఎవరైనా ఉన్నట్టుండి అరిచినా మాట చెడదు. ఒక్కరే రాస్తూ, ఫోన్లు తీస్తూ, టీ చెప్తూ ఉండే మీలాంటివాళ్ళకు ఇది చాలా మేలు. కానీ దూరంగా ఉన్న మాటను అది దగ్గరకు తేలేదు, అది గుర్తుంచుకోండి.

పాత రకం 16 లేదా 24 బిట్ రికార్డర్ తీసుకుంటే, గట్టిగా మాట్లాడినప్పుడు మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేలా లెవెల్ పెట్టండి. ఆటోమేటిక్ లెవెల్ ఆపేయండి. అది పెట్టి ఉంటే ఎవరూ మాట్లాడనప్పుడు ఫ్యాన్ హోరును పైకి లేపుతుంది, తర్వాత మాట మొదలైనప్పుడు మొదటి అక్షరాన్ని నలుపుతుంది. ఇరవైకీ అరవైకీ తేడా ఆ మొదటి అక్షరంలోనే ఉందని చెప్పాను కదా.

రికార్డర్‌కు సొంత మైకులు ఉన్నాయి కదా, బౌండరీ మైకు ఎందుకని షాపులో అంటారు. ఆ రెండు మైకులూ ఒక వైపు చూస్తాయి. వెనక కూర్చున్నవాళ్ళు మెత్తబడతారు. అందరికీ సమానంగా ఉంటుందని కొందరు రికార్డర్‌ను నిలబెట్టి పైకప్పు వైపు చూసేలా పెడతారు. మీ రూములో పైన ఉన్నవి ఫ్యాన్లు. మనుషులను పక్కన పెట్టి ఫ్యాన్‌ను నేరుగా వినమన్నట్టవుతుంది.

మైకు, రికార్డర్ రెండూ కలిపి ముప్ఫై వేలు దాటితే, బౌండరీ మైకు ఒకటే ఇప్పుడు కొని, దాన్ని ఎక్స్‌ఎల్ఆర్, ఫాంటమ్ పవర్ ఉన్న సాదా రికార్డర్‌తో నడపండి. ఇంకో బౌండరీ మైకు కావాలనిపిస్తే వచ్చే ఏడు చూడవచ్చు. రెండు మైకులు పెట్టిన రోజు రెంటినీ కలిపి ఒకే ట్రాకులో రికార్డు చేయొద్దు. ఒకే మాట రెండు మైకుల్లోకి కొంచెం ముందూ వెనకగా చేరి మళ్ళీ డొల్ల శబ్దం వస్తుంది. విడివిడి ట్రాకులు పెట్టుకుని, ఎవరి మాట వింటున్నారో ఆ వైపు ట్రాకు ఒక్కటే వినండి.

ఇక రూము. మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పట్ల తర్వాత "జింగ్" అని తోక మిగిలితే అదే మీ శత్రువు. అద్దాల కిటికీలకు మందపాటి కర్టెన్లు, కింద పెద్ద జంపఖానా, ఖాళీ గోడ మీద మెత్తటి నోటీసు బోర్డు. ఈ మూడూ చేసి మళ్ళీ చప్పట్లు కొట్టి చూడండి. కర్టెన్లు బస్సుల హారన్‌ను ఆపలేవు. దానికి కిటికీలు బిగించి మూసుకోవడమే దారి. గోడవారగా ఫైళ్ళ బీరువాలు, తెరిచి ఉన్న పుస్తకాల అరలు ఉన్నా శబ్దం చెల్లాచెదురై ప్రతిధ్వని కాస్త తగ్గుతుంది.

ఫ్యాన్లు ఆపమని నేను చెప్పను. తోతాపురి పని పడేది మే, జూన్, జూలైలలో. చిత్తూరు ఎండల్లో కిటికీలు మూసి ఫ్యాన్లు ఆపి పన్నెండు మందిని కూర్చోబెడితే ఎవరికీ మీటింగ్ మీద మనసుండదు. మైకు మాత్రం ఫ్యాన్ కింద నేరుగా రాకుండా టేబుళ్ళు జరపండి. మైకుతో స్పాంజి తొడుగు వస్తే వాడండి. స్పీడు ఒకటి రెండు తగ్గించండి. రికార్డర్‌లో లో కట్ అని, గుమ్మనే లోతు శబ్దాలను కోసేసేది ఉంటుంది, దాన్ని 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. ఫ్యాన్, బస్సు ఇంజన్ల గుమ్మనే శబ్దం చాలావరకు ఆ కింద ఉంటుంది, మాటకు నష్టం ఉండదు. ఇన్వర్టర్, ఫోన్ ఛార్జర్ పక్కన మైకు వైరు వేయకండి, మన కరెంటు 50 హెర్ట్జ్ గుర్రుమనే శబ్దం అందులోకి దూరుతుంది. డైరెక్టర్ల ఫోన్లు మైకుకు ఆనించి పెట్టనివ్వకండి, కాల్ వచ్చేముందు టకటకమనే చప్పుడు చాలామంది విని ఉంటారు.

టీ గురించి కూడా చెప్పాలి. స్టీలు గ్లాసు టేబుల్ మీద పెట్టిన చప్పుడు, బిస్కెట్ ప్యాకెట్ చింపిన చప్పుడు బౌండరీ మైకుకు ఎంత దగ్గరగా వినపడతాయో ఊహించలేరు. టీ బయట వరండాలో పెట్టండి. పది నిమిషాలు విరామం ఇస్తే మీకూ కాస్త ఊపిరి ఆడుతుంది.

ఎంత మంచి మైకు ఉన్నా, ముగ్గురు ఒకేసారి మాట్లాడితే విడదీయడం ఎవరి వల్లా కాదు. ఛైర్మన్ గారిని ఒకటి అడగండి: ప్రతి తీర్మానం అయ్యాక, ఎవరు ప్రతిపాదించారో, అంకె ఎంతో, ఎప్పటిలోగానో ఆయన నోటితో ఒకసారి మెల్లగా చదివి వినిపించాలి. "అరవై, ఆరు సున్నా" అని అంకెను విడగొట్టి చెప్పమనండి. ఈ ఒక్క అలవాటు ఉండి ఉంటే పోయినసారి గొడవ వచ్చేది కాదు. మెల్లగా మాట్లాడేవాళ్ళ ప్రతిపాదనను కూడా ఛైర్మనే మళ్ళీ చెప్పి, "ఇంతే కదమ్మా?" అని అడిగితే, వాళ్ళ మాట రెండుసార్లు రికార్డులోకి ఎక్కుతుంది.

రికార్డింగ్ సంగతి అందరికీ చెప్పే చేస్తున్నారనుకుంటాను. అయినా ఒకసారి బోర్డులో తీర్మానంగా పెట్టించండి: రికార్డు దేనికోసం, ఎవరి దగ్గర ఉంటుంది, ఎప్పుడు తుడిచేస్తారు. మనిషి గొంతు కూడా ఆ మనిషిని గుర్తుపట్టించే వ్యక్తిగత సమాచారమే. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది కాబట్టి ఈ విషయంలో జాగ్రత్త మంచిది. కంపెనీల చట్టం 2013లోని 118వ సెక్షన్ ప్రకారం మీటింగ్ అయిన 30 రోజుల్లోపు మినిట్స్ పుస్తకంలోకి ఎక్కాలి. ఆడియో మినిట్స్‌కు సాయమే గాని మినిట్స్ కాదు. తర్వాతి మీటింగ్‌లో మినిట్స్‌ను అందరూ ఒప్పుకున్నాక ఆ ఫైల్ తుడిచేయాలని పెట్టుకుంటే అందరికీ ధీమాగా ఉంటుంది. మాట రికార్డవుతుందని తెలిసినా అది ఎక్కడికీ పోదని తెలిస్తే చివరి కుర్చీలోని మనిషి నోరు విప్పుతుంది.

ఫైల్ సైజు గురించి భయం వద్దు. 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ మోనో వేవ్ ఫైల్ గంటకు సుమారు 320 ఎంబీ. మూడు గంటల మీటింగ్ ఒక జీబీ లోపే. 32 బిట్ ఫ్లోట్ అయితే దానికి రెట్టింపు. 32 జీబీ కార్డు ఏడాదంతా సరిపోతుంది. అయినా ఆ సాయంత్రమే ఫైల్‌ను కంప్యూటర్లోకి కాపీ చేసుకోండి. మాటను అక్షరాలుగా మార్చే యాప్‌లు వాడాలనుకుంటే వాడండి, కానీ అంకెలు, పేర్లు మాత్రం మీ చెవితోనే సరిచూడండి. తమిళం కలిసిన మన చిత్తూరు మాట వాటికి ఇంకా సరిగ్గా అలవాటు కాలేదు.

కొనే ముందు ఒక పని. చిత్తూరులో గానీ తిరుపతిలో గానీ మైక్ సెట్ వాళ్ళ దగ్గర బౌండరీ మైకు, రికార్డర్ ఒక రోజుకు అద్దెకు దొరుకుతాయేమో అడగండి. దొరికితే టేబుళ్ళు కొత్త పద్ధతిలో వేసి, ఫ్యాన్లు తిప్పి, ఒకరిని మూల కుర్చీలో కూర్చోబెట్టి మామూలు గొంతు కంటే మెల్లగా ఇవి చదివించండి: ఇరవై, అరవై, ఎనభై, తొంభై, ఇస్తాం, ఇవ్వం, చేద్దాం, చేయొద్దు. వరస మార్చి, మీకు చెప్పకుండా చదవాలి. తర్వాత మీరు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటూ కాగితం మీద రాయండి. అన్నీ సరిగ్గా వస్తే మీకు కావాల్సిన సెట్ అదే. పక్కనే మీ ఫోన్‌లో కూడా రికార్డు చేసి పోల్చండి. బోర్డుకు వినిపిస్తే డబ్బు మంజూరుకు వేరే వాదన అక్కర్లేదు.

ఈలోగా మీటింగ్ వస్తే రెండు ఫోన్లతో నడిపించండి. టేబుల్‌కు రెండు వైపులా చెరొకటి, కింద మడతపెట్టిన తువ్వాలు, ఎయిర్‌ప్లేన్ మోడ్. మైకు రంధ్రం ఫోన్ అడుగు అంచులో ఉంటుంది, ఆ అంచు దూరంగా కూర్చునేవాళ్ళ వైపు తిరగాలి. రెండూ ఆన్ చేశాక ఒకసారి చప్పట్లు కొడితే తర్వాత రెండు ఫైళ్ళలోనూ ఒకే క్షణాన్ని సరిపెట్టుకుని పోల్చి వినడం తేలిక. కొత్త సెట్ వచ్చాక కూడా ఒక ఫోన్‌ను అదనపు కాపీగా పెట్టి ఉంచండి.

చెన్నై రిచీ స్ట్రీట్‌లో గానీ బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో గానీ కొంటే, కొటేషన్‌లో ఇవి విడివిడిగా రాయించుకోండి: ఆమ్నీ రకం బౌండరీ మైకు, దాని కరెంటు అవసరం 48 వోల్టులా బ్యాటరీయా, ఎక్స్‌ఎల్ఆర్ కేబుల్ పొడవు, రికార్డర్, కార్డు, రెండు జతల అదనపు బ్యాటరీలు. కేబుల్ టేబుల్ మధ్య నుంచి కిందికి దిగి మీ కుర్చీ దాకా రావాలి కాబట్టి అయిదు మీటర్లకు తక్కువ తీసుకోవద్దు. కంపెనీ పేరు మీద జీఎస్టీ బిల్లు, వారంటీ కార్డు మీద షాపు ముద్ర తప్పకుండా అడగండి. మీ ఆడిటర్ ముందుగా అడిగేది ఆ రెండే.